కుటుంబ ఫోటో: ముందు ఎవరి చీర?



నవంబరు మాసము గడిచే సరికి మా కేసముద్రం ప్రాంతములో పత్తి ఏరుడు జోరుగా సాగుతుంది. మార్కెట్ యార్డుకు బండ్లు వస్తాయి. చేతిలో నాలుగు పైసలు ఆడతాయి. క్రిస్మస్ కూడా దగ్గర పడుతుంది గనుక హైదరాబాదులో చదివే పిల్లలు, పనులు చేసుకొనే కొడుకులు స్టేషనులో రైలు దిగి ఇండ్లకు చేరుతారు. ఏడాదికొకసారి ఇల్లు నిండుతుంది. "ఈసారన్న అందరం కలిసి ఒక ఫోటో దిగుదాం" అనే మాట ఆ దినములలోనే పుడుతుంది. దాని వెనుకనే రెండవ మాట వస్తుంది: "ఏం బట్టలేసుకుందాం?"

ఇది ఒక పాస్టరు కూర్చుండి వ్రాయవలసిన విషయమా అని కొందరు నవ్వుకోవచ్చును. గృహ దర్శనములకు వెళ్లేవారికి తెలుసు. ఈ చిన్న ప్రశ్న చుట్టూ అలకలు చూశాము, కన్నీళ్లు చూశాము, అప్పులు చూశాము. ఫోటో దిగిన దినమే తోడికోడండ్రు మాటలు మానుకొన్న ఇల్లు ఒకటి మాకు తెలుసు. ఆ ఫోటోలో మాత్రము ఇద్దరూ చక్కగా నవ్వుతూనే ఉన్నారు.

మేము చెప్పదలచిన సంగతి మొదటనే చెప్పుతాము. ఇంట్లో అందరికంటె తక్కువ బట్టలు ఎవరికి ఉన్నవో వారి దగ్గర మొదలు పెట్టండి. చాలా ఇండ్లలో అది ముసలి తల్లి. ఆమె సందుగ తెరచి చూస్తే మంచి చీరలు రెండో మూడో ఉంటాయి. వాటిలో ఆమెకు ఇష్టమైనది ఆమెనే తీయనివ్వండి. ఆ చీర రంగు ఏదో దానికి తగినట్లు కొడుకులు, కోడండ్రు, మనుమలు తమ బట్టలలో వెదకుకోవాలి. పది షర్టులు ఉన్నవాడు రంగు మార్చుకోగలడు, రెండు చీరలున్న తల్లి మార్చుకోలేదు. ఇప్పుడు ఇండ్లలో జరిగేది దీనికి తలక్రిందులు. పట్నము నుండి వచ్చిన కొడుకు ఫోనులో ఒక రంగు చూపిస్తాడు, అందరూ ఆ రంగే వేసుకోవాలంటాడు. తల్లి దగ్గర ఆ రంగు ఉండదు. "నాదేముంది బిడ్డా, మీరు దిగుండ్రి, నేను గీడ కూసుంట" అని ఆమె గడప దగ్గర చతికిలబడుతుంది. ఎవరూ ఆమెను వెళ్లగొట్టలేదు. బట్టలే ఆమెను పక్కకు కూర్చోబెట్టినవి.

ఒకే రంగు బట్టలు అనే ఈ ముచ్చట పల్లెలకు వచ్చి ఎన్నో ఏండ్లు కాలేదు. వెనుకటి ఫోటోలు తీసి చూడండి, ఎవరి బట్టలు వారివే. స్టూడియోలో ఒక కోటు, ఒక టై, ఒక దువ్వెన, ఒక పౌడరు డబ్బా ఉండేవి. ఊరందరి పెండ్లికొడుకులూ ఆ ఒక్క కోటులోనే కనిపించేవారు. భుజము దగ్గర వదులుగా ఉంటే ఫోటోగ్రాఫరు వెనుక నుండి పిన్నులు పెట్టేవాడు. ఇంకా వెనుకకు పోతే రంగును గూర్చిన చింతే వేరుగా ఉండేది. పాత కాలపు గాజు ప్లేట్లకు ఎరుపు రంగు కనబడదు. ఎర్రని చీర నల్లగా, నీలము చీర తెల్లగా వచ్చేది. 1886 ప్రాంతములో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, తరువాత ఆరవ నిజాము ఆస్థాన ఫోటోగ్రాఫరైన లాలా దీన్‌దయాళ్ ఈ ప్లేట్లతోనే పని చేశాడు. పరదా పాటించే స్త్రీలు తమకు ఇష్టమైన బట్టలు, నగలు ధరించి నిర్భయముగా ఫోటో దిగుటకు 1892లో హైదరాబాదులో వారికొరకే ప్రత్యేక స్టూడియో తెరచి, ఫోటోలు తీయుటకు ఒక స్త్రీనే నియమించాడు. అది కలిగినవారి సంగతి. మన తాతలకు అటువంటి గడప త్రొక్కే భాగ్యము లేదు.

ఇక్కడ మన సేవకులతో ఒక మాట మాట్లాడవలెను. బట్టల విషయము రాగానే మనలో కొందరము ప్రసంగము ఎత్తుకుంటాము: ఆడంబరము వద్దు, లోకాశ వద్దు, దేవుడు హృదయమును చూస్తాడు. నిజమే, సమూయేలు యెష్షయి కుమారులను చూసిన దినమున నేర్చుకొన్న పాఠము అదే. అయితే ఆ మాట ఎవరికి చెప్పుతున్నామో చూసుకోవాలి. బీరువా నిండా పట్టు ఉన్నవారికి చెప్పితే అది హెచ్చరిక. తరతరములుగా మంచి బట్ట కట్టుకొనుటకే అనుమతి లేని వారికి అదే మాట చెప్పితే దొర మాటలాగా వినబడుతుంది.

మన ప్రాంతపు చరిత్ర మరువరాదు. గడీ ముందు నుండి పోయేటప్పుడు మన తాతలు చెప్పులు విడిచి చేత పట్టుకొని నడిచారు. మోకాలు దాటిన ధోవతి కట్టినందుకు, తలకు మంచి రుమాలు చుట్టినందుకు తిట్లు తిన్నవారి కథలు మా సంఘములోని పెద్దలు ఇప్పటికీ చెప్పుతారు. కేసముద్రంలో రైలెక్కి విజయవాడ వైపు పోతే మానుకోట, గార్ల దాటగానే డోర్నకల్ వస్తుంది. అక్కడి మహా దేవాలయము చూడని క్రైస్తవుడు ఈ ప్రాంతములో అరుదు. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడింది. దానిని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన తిరునెల్వేలి జిల్లా వాడు, 1874లో నాడారు కుటుంబములో పుట్టారు.

ఆ నాడారు జనుల సంగతి మన విషయమునకు చాలా దగ్గర. తిరునెల్వేలికి పొరుగున ఉన్న తిరువాంకూరు రాజ్యములో ఆ కులపు స్త్రీలు రొమ్ము మీద బట్ట కప్పుకొనరాదని కట్టుబాటు ఉండేది. యేసును నమ్ముకొన్న స్త్రీలు రవికె తొడిగి గుడికి పోతే బజారులో పట్టుకొని చింపివేశారు, ప్రార్థన మందిరములు తగులబెట్టారు. ఆ పోరాటము దశాబ్దములు సాగింది. చివరకు 1859లో రాజు ప్రకటన ఇచ్చి వారు పై బట్ట ధరించవచ్చునన్నాడు. అప్పుడు కూడా పై కులముల స్త్రీల వలె ధరించరాదని షరతు పెట్టాడు. ఆ ప్రకటన వచ్చిన పదిహేనేండ్లకు పుట్టిన బిడ్డ మన డోర్నకల్‌కు బిషప్పుగా వచ్చి, మాల మాదిగ పల్లెలలో ఎండనక వాననక తిరిగాడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా 1927 డిసెంబరులో మహాడ్ సభకు వచ్చిన స్త్రీలతో చీర కట్టే తీరు గూర్చి ప్రత్యేకముగా మాట్లాడారు. అంటరానివారని గుర్తు పట్టించే కట్టు మానుమన్నారు. మన ఊరి నడుమ నిలబడిన ఆయన విగ్రహమునకు నీలి కోటు ఊరకే వేయలేదు.

అందుచేత ఒక కూలి తల్లి పత్తి పైసలలో కొంత దాచి, "ఫోటోకు పట్టంచు చీర కొనుక్కుంట అయ్యగారూ" అంటే మేము ఆమెకు లోకాశ పాఠము చెప్పము. కొనుక్కోమ్మా అంటాము. తన పైసలతో, తనకు ఇష్టమైనది.

అప్పు సంగతి వేరు. ఎనిమిది మంది ఉన్న ఇంటికి ఒకే రంగు బట్టలు, కుట్టు కూలి, చెప్పులు, స్టూడియో ఖర్చు కలిపితే పన్నెండు వేలు అవుట కష్టమేమీ కాదు. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 360 రూపాయలు. పది నెలలలో తీర్చినా 3,600 మిత్తికే పోతాయి. గోడ మీద ఫోటోలో అందరూ మెరుస్తూ ఉంటారు, దాని క్రింద కూర్చుండి ఇంటి యజమాని వేలు మడిచి లెక్కలు వేస్తుంటాడు. పైగా ఆ బట్టలు మరల ఎవరు వేసుకుంటారు? ఒకే రంగు వేసుకొని ఎనిమిది మంది మరొక చోటికి పోతే బ్యాండు మేళము అనుకుంటారు.

ఖర్చు లేకుండా కుదురుతుందా అని అడిగే సహోదరీలకు మేము చూసిన ఒక ఇంటి పద్ధతి చెప్పుతాము. అవ్వ తన ముదురు ఆకుపచ్చ చీర తీసింది, అంచు పసుపు. ఇంట్లో వారు మంచము మీద ఆ చీర పరచి, తమ తమ బట్టలు తెచ్చి దాని పక్కన పెట్టి చూశారు. పెద్దకొడుకు గోధుమ రంగు షర్టు కుదిరింది. చిన్నకోడలి పసుపు చీర అంచుకు కలిసింది. మనుమరాలి గులాబీ గౌను ఏ విధముగానూ కలవలేదు. అయినా అది ఆ పిల్లకు ప్రాణము, వేసుకొననిచ్చారు. ఆ ఫోటో మేము చూశాము. గులాబీ గౌనే దానికి అందము తెచ్చింది. అందరూ ఒకే రంగులో ఉండనక్కరలేదు, ఒకరి రంగు మరొకరి ముఖము మీద నుండి చూపును లాగివేయకుంటే చాలు.

విధవరాండ్ర విషయములో మేము కొంచెము గట్టిగానే మాట్లాడుతాము. క్రీస్తును నమ్మి రెండు మూడు తరములు గడిచిన ఇండ్లలో కూడా భర్త పోయిన స్త్రీని వెలిసిన చీరలో చివరకు నిలబెట్టుట చూస్తున్నాము. పెండ్లి ఫోటో అయితే ఆమెయే తప్పుకుంటుంది, ఎవరూ పిలువరు. ఇది వాక్యములో ఎక్కడ ఉన్నది? యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రములు పేతురుకు చూపుతూ ఏడ్చారు. వారికి మంచి బట్ట కుట్టి తొడిగిన స్త్రీని ప్రభువు మరల లేపాడు. కాబట్టి ఆమెకు ఏ రంగు ఇష్టమో అడగండి. ఎర్రది కావాలంటే ఎర్రదే. నడుమ కుర్చీ వేయండి. అత్తగారి వైపు వారు ఏమనుకొంటారో అని భయపడితే, పాస్టరయ్య చెప్పాడని మా మీద పెట్టండి.

తండాలలోని మన కుటుంబములలో మరొక చిక్కు ఉన్నది. నాయనమ్మ ఇప్పటికీ అద్దములు కుట్టిన పేటియ, కాంచళి తొడుగుతుంది, చేతులనిండా గాజులు. కాలేజీకి పోయే మనుమలు ఫోటో కొరకు ఆమెకు చీర కట్టించాలని చూస్తారు. ఎన్నడూ చీర కట్టని ముసలమ్మ ఆ చీరలో పరాయి మనిషిలా బిగుసుకొని నిలబడుతుంది. ఆమె బట్టలు ఆమెకే ఉండనివ్వండి. ఒక్క జాగ్రత్త చాలు. ఫ్లాషు వేస్తే అద్దములన్నీ ఒక్కసారి మెరిసి ఫోటో మీద తెల్ల చుక్కలు పడతాయి. కనుక ఉదయము పూట గానీ సాయంత్రము గానీ, వేపచెట్టు నీడలో, ఫ్లాషు లేకుండా తీయించండి.

ఇక కెమెరా సంగతులు నాలుగు. మన స్త్రీలు ఆదివారము ఆరాధనకు తెల్ల చీరలు ఇష్టపడతారు, పురుషులకు తెల్ల షర్టు ఉండనే ఉన్నది. అందరూ తెలుపే వేసుకొని తెల్లగోడ ముందు నిలబడితే కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించుకొంటుంది, నల్లని ముఖములు ఇంకా నల్లబడతాయి. తెలుపే కావాలంటే చెట్లు గానీ, రంగు వేసిన గోడ గానీ వెనుక ఉండాలి. ఎండలో నిలబడరాదు. సన్నని గీతలు, సన్నని గళ్లు ఉన్న షర్టులు ఫోటోలో అలలు అలలుగా కదిలినట్లు కనబడతాయి, వాటిని మానుట మంచిది. స్టూడియోలో వెనుక ఆకుపచ్చ గుడ్డ కట్టి, తరువాత కంప్యూటరులో తాజ్‌మహలో, మంచు కొండలో పెడతారు. ఆ గుడ్డ ముందు ఆకుపచ్చ చీర కట్టుకొని నిలబడితే చీర ఉన్నచోట కూడా మంచే కురుస్తుంది! ముందుగా అడిగి తెలుసుకోండి. అసలు తాజ్‌మహలు ఎందుకు? మీ ఇంటి గోడ, మీ మిరప చేను, మీ చర్చి మెట్లు లేవా?

ముఖమును తెల్లబరచుట గూర్చి తప్పక చెప్పాలి. ఇప్పుడు ఫోటోగ్రాఫరు అడుగకుండానే ఆడపిల్లల ముఖములకు తెలుపు పూస్తున్నాడు. చేతులు ఒక రంగు, ముఖము ఒక రంగు. నలుపు ఎక్కువ కనబడకుండా ఈ రంగు బట్ట వేసుకో, ఆ రంగు వద్దు అని తల్లులే బిడ్డలకు నూరిపోస్తారు. ఈ కథ మనతో మొదలు కాలేదు. అమెరికాలో కోడక్ కంపెనీ 1950ల నుండి రంగు ఫోటోలు సరిగా వచ్చినవో లేదో చూచుటకు ఒక తెల్లజాతి స్త్రీ ఫోటోను స్టూడియోలన్నిటికీ పంపేది. ఆమె పేరు మీద వాటిని షర్లీ కార్డులు అన్నారు. ఆమె ముఖము బాగా వస్తే ఫిల్ము బాగున్నట్లు. నల్లవారి ముఖములు ఆ ఫిల్ములో మసిబారినట్లు వచ్చినా చాలా కాలము ఎవరూ పట్టించుకోలేదు. చాక్లెట్లు అమ్మేవారు, కర్ర సామానులు చేసేవారు తమ సరుకు గోధుమ రంగులు సరిగా రావడము లేదని అడిగిన తరువాతనే కంపెనీలో కదలిక వచ్చిందట. బల్లకు, మిఠాయికి దక్కిన మర్యాద మనిషికి ముందు దక్కలేదు! ఇప్పటి కెమెరాలు నల్లని చర్మమును ఉన్నదున్నట్లు తీయగలవు. కనుక ముదురు నీలము, మెరూను, ఆవపువ్వు పసుపు, ఏదైనా మీ బిడ్డ ధైర్యముగా వేసుకొనవచ్చును. ముఖము రంగు మార్చవద్దని ఫోటోగ్రాఫరుకు ముందే చెప్పండి. దేవుడు తన చేతులతో చేసిన ముఖమునకు స్టూడియోలో దిద్దుబాటు అక్కరలేదు.

పిల్లల బట్టలు కొనేటప్పుడు యాకోబు ఇల్లు గుర్తు చేసుకోండి. ఒక్క కుమారునికి మాత్రమే ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు. ఆ అంగీని అన్నలు మేకపిల్ల రక్తములో ముంచి తండ్రికే తెచ్చి చూపించారు. ఇంగ్లీషు మీడియము పిల్లవానికి కొత్త జీన్సు, హాస్టలులో చదివే పిల్లవానికి అన్న విడిచిన ప్యాంటు ఇచ్చి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టకండి. పెద్దలు మరచిపోతారు గానీ ముప్పై ఏండ్ల తరువాత ఆ ఫోటో చూసి ఆ చిన్నవాడు దేనిని చూపుతాడో మాకు తెలుసు. కొత్తవి ఇద్దరికీ కొనలేకుంటే ఇద్దరికీ ఉతికినవే వేయండి. కొనగలిగితే కొంచెము వదులుగా కొనండి. హన్నా ఏటేటా సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసుకొని పోయేది. దూరాన ఉన్న బిడ్డ ఎంత పెరిగాడో ఊహించి కొలత వేయుట ఎంత కష్టమో, హాస్టలు పిల్లల తల్లులు చెప్పగలరు.

నగల విషయములో సంఘములు వేరు, అలవాట్లు వేరు. ఒకే ఇంట్లో అత్త కమ్మలు తీసివేసిన విశ్వాసి, కోడలు గొలుసు వేసుకొనే విశ్వాసి అయి ఉండవచ్చును. ఫోటో దినమున ఒకరి చేత తీయించుట, ఒకరి చేత పెట్టించుట వద్దు. ఎవరు ఎట్లున్నారో అట్లే నిలబడాలి. అరువు నగలు మాత్రము వద్దేవద్దు. పోతే ఆ బాకీ తీరేది కాదు.

గల్ఫులో ఉన్న కొడుకు ఫోటోను తెప్పించి నడుమ అతికించే వాడుక కూడా వచ్చింది. అతడు అక్కడ కంపెనీ బట్టలలో ఎండలో దిగిన ఫోటో పంపుతాడు. ఇక్కడివారు నీడలో పట్టుబట్టలలో ఉంటారు. అతికిన సంగతి చిన్న పిల్లవాడు కూడా పట్టుకొంటాడు. అవ్వ ఏ చీర కడుతున్నదో అతనికి ముందుగా ఫోనులో చూపించండి. నీడలో, ఎదురుగా చూస్తూ, తన దగ్గర ఉన్న మంచి షర్టు వేసుకొని తీయించుకొమ్మని చెప్పండి. దుబాయిలో ఉన్నవానికి కూడా అవ్వ చీరయే ముందు.

చివరగా ఒక పని. అందరి ఫోటో అయిపోయిన తరువాత బట్టలు మార్చుకొనక ముందే ముసలివారిని ఒక్కొక్కరిని వేరుగా కూర్చోబెట్టి ఒక ఫోటో తీయించండి. ఈ మాట ఎందుకు చెప్పుతున్నామంటే, భూస్థాపన ఆరాధన దినమున ఫ్లెక్సీ కొరకు ఫోటో అడిగితే చాలా ఇండ్లలో ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెడుతున్నారు. డెబ్బై ఏండ్లు బ్రతికిన తల్లికి మిగిలిన ముఖము అదే, బెదిరిన కండ్లతో, సగము చెరిగిపోయి. ఒక్క ఫోటోకు స్టూడియోవారు మరి కొంచెము తీసుకుంటారు. "నాకేందుకు, పండ్లు లెవ్వు" అని అవ్వ చెంగు అడ్డము పెట్టుకొంటుంది. మనుమరాలు పక్కన నిలబడి ఏదో ఒక ముచ్చట చెప్పాలి. ఆమె నవ్వి చెంగు దించినప్పుడు తీయమనండి.